పడవ ఇంజనుకి దసరా సెలవు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. చదువు చెప్పడానికి నోరుంటే చాలని. నోరు నాకు పుట్టుకతోనే పుష్కలంగా ఉంది (ఆకలేసినా వీడు అన్నం అడగడు, ఉపన్యాసం ఇస్తాడు అనేది మా అమ్మ). అందుకే ఇరవై ఆరేళ్ళ వయసులో, పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యన గువామ్ అనే దీవిలో, ఒక వృత్తివిద్యా హైస్కూల్లో పడవ ఇంజన్లు బాగుచేయడం నేర్పే మాస్టారుగా చేరినప్పుడు నాకు ఇసుమంత భయం కూడా వేయలేదు. వేయాల్సిందని ఇప్పుడు అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో, ఒక మందుల కంపెనీ మెయింటెనెన్స్ ఆఫీసులో కూర్చుని, జుట్టు పల్చబడ్డాక తెలుస్తోంది. అప్పుడే తెలిసి ఉంటే నేను ఆ విమానం ఎక్కేవాణ్ణి కాదు, ఈ కథా ఉండేది కాదు.

అంత దూరం ఎలా పోయానో ముందు చెప్పాలి. మాది బెజవాడ. మా బాబాయికి ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. సెలవులన్నీ అక్కడే గడిపి, చేతులకి గ్రీజు, మొహానికి చిరునవ్వు పూసుకుని పెరిగాను. మెకానికల్ చదివి, ఇక్కడ ఎమ్మెస్ చేసి, హెచ్ వన్ లాటరీలో మూడుసార్లు పేరు వేయించుకుంటే మూడుసార్లూ తగల్లేదు. నాకో రూమ్మేట్ ఉండేవాడు, కరీంనగర్ వాడు. ఏ ఫారానికి ఏ నంబరో, ఏ కాయితం ఎన్నాళ్ళకి వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు కాబట్టి వాడికి 'వీసా శాస్త్రి' అని పేరు పెట్టాం. వాడు అప్పటికే ఆష్‌బర్న్‌లో ఉద్యోగంలో సెటిలయ్యాడు. ఒకరోజు ఫోన్ చేసి, "గువామ్‌ల లాటరీ లేదురా భై! క్యాప్ ఎక్సెంప్ట్. అదీ అమెరికానే. జెండా గదే, డాలర్ గదే. స్కూల్ వాళ్ళు టీచర్ కోసం చూస్తున్నరట, అప్లై చెయ్" అన్నాడు.

"మ్యాప్‌లో కనబడట్లేదురా" అన్నాను.

"జూమ్ చెయ్. ఇంకా చెయ్. ఇంకా. ఆ... గా చుక్క. గదే."

ఆ చుక్కలో మూడు నెలల తర్వాత నేను దిగాను. దిగిన రోజే శాస్త్రి మళ్ళీ ఫోన్ చేసి నా భవిష్యత్తు మొత్తం రెండు ముక్కల్లో చెప్పేశాడు. "సంతోషమే గానీ, గుర్తుంచుకో. ఫస్ట్ ఇయర్ ప్రొబేషన్. ఇయర్ ఎండ్‌ల కాంట్రాక్ట్ రెన్యూ కాకపోతే సిక్స్టీ డేస్‌ల దేశం ఇడ్సి పోవుడే, గంతే. సూట్‌కేస్ మంచం కింద పెట్టకు, మంచం పక్కన పెట్టుకో." నేను నవ్వి కొట్టిపారేశాను గానీ, సూట్‌కేసు మాత్రం మంచం పక్కనే పెట్టుకున్నాను.

బడి సంగతి చెప్తాను. వెల్డింగు, వడ్రంగం, వంట, కార్లకి రంగు వేయడం, ఆసుపత్రి పనులు, ఇలా ఒక్కో షెడ్డుకి ఒక్కో విద్య. మాది సముద్రం వైపు చిట్టచివరి షెడ్డు. ఆ షెడ్డులో ఇరవై ఇద్దరు పిల్లలు. పిల్లలంటే మనం అనుకునే పిల్లలు కారు. నేను అప్పట్లో యాభై ఆరు కిలోలు. వాళ్ళలో సన్నవాడు నన్ను చంకలో పెట్టుకుని బస్సెక్కగలడు. అయినా ఎంత మర్యాదో! దీవిలో పుట్టినవాళ్ళు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ళు, చుట్టుపక్కల చిన్న దీవుల నుంచి చదువుకోసం వచ్చినవాళ్ళు, అందరూ కలిసి ఒకే కుటుంబంలా ఉండేవారు. కుటుంబంలా ఏమిటి, నిజంగానే కుటుంబం. ఒకడు ఇంకొకడికి పిన్ని కొడుకు, వాడు వేరొకడికి మేనమామ, పదహారేళ్ళ పిల్ల పదిహేడేళ్ళ వాడికి అత్త. ఒకణ్ణి గట్టిగా ఒక మాటంటే ముగ్గురు ముఖాలు ముడుచుకునేవారు. పెద్దవాళ్ళు ఎదురైతే వంగి, వాళ్ళ చెయ్యి తీసుకుని ముక్కుకి ఆనించుకోవడం అక్కడి ఆచారం. ఊళ్ళో ముసలమ్మలందరూ 'ఆంటీ', ముసలాయనలందరూ 'అంకుల్'. ఈ ఒక్క విషయంలో నాకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వక్కర్లేకపోయింది. ఇంకో ఆశ్చర్యం, అక్కడి పెద్దవాళ్ళు తమలపాకులో వక్క, సున్నం పెట్టుకుని నములుతారు! మా షెడ్డులో ముప్ఫై ఏళ్ళ నుంచి పాఠం చెబుతున్న పెద్ద మాస్టారు మొదటిరోజు నా ముందు ఆకు మడుస్తుంటే, విమానం దారితప్పి తెనాలిలో దిగిందేమోనని నాకు అనుమానం వచ్చింది.

క్లాసులో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకమ్మాయి అందరికంటే పెద్దది, పదిహేడేళ్ళుంటాయి. క్లాసులో సగం మందికి ఏదో ఒక వరస అవుతుంది. నేను 'బుక్స్ తెరవండి' అంటే ముందు అందరూ ఆమె వైపు చూసేవారు, ఆమె తల ఊపితే తెరిచేవారు. నేను మనసులో ఆమెకి 'సూపర్‌వైజర్' అని పేరు పెట్టుకున్నాను. రెండోవాడు 'మౌనముని'. ఆరడుగుల కుర్రాడు, వాళ్ళింట్లో అందరూ చేపలు పట్టేవాళ్ళే. వారానికి నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో మూడు 'సర్'. కానీ ఇంజను చప్పుడు విని జబ్బేమిటో చెప్పేవాడు. (వాళ్ళందరూ మాట్లాడింది ఇంగ్లీషే. ఇక్కడ నా తెలుగులో చెబుతున్నాను. వాళ్ళ ఇంగ్లీషు ఇంతకంటే ముద్దుగా ఉండేది.)

అంతా బాగానే ఉంది గానీ, పనిముట్లు! పని అయిపోగానే స్పానర్లు ఎక్కడివక్కడ వదిలేసి చక్కా పోయేవారు. అది సముద్రపు గాలి. రాత్రికి రాత్రి ఇనుము తుప్పు పట్టిపోతుంది. పొద్దున్నే వచ్చి చూస్తే పదమూడో నంబరు స్పానర్ బల్ల కింద, పద్నాలుగోది గుమ్మం బయట, పదిహేనోది ఎవడి జేబులోనో ఇంటికి పోయి వాళ్ళ నాన్న పడవలో సముద్రం మీద షికారు చేస్తూ ఉండేది. నేను అరిచాను, బతిమాలాను, చార్టులు అంటించాను. "ఓకే సర్" అనేవారు. అంత చక్కటి 'ఓకే సర్' నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. మర్నాడు మళ్ళీ అదే. ఇంతలో ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచి ఒక వార్త చెప్పారు. అక్టోబరులో మెయిన్‌ల్యాండ్ నుంచి, అంటే అసలు అమెరికా నుంచి, ఒకావిడ ఇన్‌స్పెక్షన్‌కి వస్తారు. కొత్త మాస్టార్ల క్లాసులు చూస్తారు. పనిముట్లు ఎలా ఉన్నాయి, పిల్లలు చేత్తో పని చేస్తున్నారా, ఈ రెండూ ముఖ్యం. "ఆవిడ రిపోర్టు బాగుంటేనే నేను బోర్డుకి మీ కాంట్రాక్టు పంపగలను" అని నవ్వుతూనే చెప్పారు. నా గుండె మాత్రం నవ్వలేదు. ఆ రాత్రి సూట్‌కేసు వంక చూస్తే అది కూడా నా వంకే చూస్తున్నట్టనిపించింది.

మర్నాడు క్లాసులో నేల మీద పడున్న స్పానర్ ఒకటి తీసి, తుప్పు చూపించి, ఉక్రోషం పట్టలేక మొదలుపెట్టాను. "మా ఊళ్ళో అయితేనా..." అంటూ ఆటోనగర్‌లో దసరా ఆయుధ పూజ ఎలా చేస్తారో చెప్పాను. షాపంతా కడగడం, ఒక్కో పనిముట్టూ తుడిచి నూనె రాసి వరసగా పేర్చడం, పసుపు కుంకుమ పెట్టడం, కొబ్బరికాయ కొట్టడం, ఆ రోజంతా పనిముట్లకి సెలవివ్వడం. అంతవరకూ అంతా నిజమే. ఆగాల్సింది అక్కడే. కానీ ఇరవై రెండు జతల కళ్ళు నా మీదే ఉన్నాయి. అన్ని నెలల్లో మొదటిసారి అందరూ వింటున్నారు. సూపర్‌వైజర్ చెయ్యెత్తి, "ఆ రోజు ముట్టుకుంటే ఏమవుతుంది సర్?" అని అడిగింది.

ఏమీ కాదు. మా బాబాయి పూజ అయిన గంటకే అర్జెంటు ఆర్డరుందని లేత్ ఆన్ చేసిన రోజులున్నాయి. కానీ నా నోరు ఊరుకుంటేగా! "పనిముట్లు అలుగుతాయి" అన్నాను గంభీరంగా. "మా బాబాయి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పూజ రోజున లేత్ ముట్టుకున్నాడు. ఎడమచేతి చూపుడు వేలు..." అని ఆపి, నా వేలు మడిచి చూపించాను. (మా బాబాయి వేలు తెగిన మాట నిజం. అది మాత్రం ఒక మామూలు మంగళవారం నాడు, క్రికెట్ కామెంటరీ వింటూ పరాకుగా ఉన్నప్పుడు.)

నవ్వుతారేమో అనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. మూల కూర్చుని ఆకు నములుతున్న పెద్ద మాస్టారు తాపీగా అన్నారు, "నిజమే. మేం అడవిలో అడుగుపెట్టేముందు అక్కడుండే పెద్దల్ని, అంటే మా పూర్వీకుల ఆత్మల్ని, అడిగి వెళ్తాం. అడక్కుండా పోతే జ్వరమొస్తుంది. పనిముట్టుకి మాత్రం మర్యాద ఉండదా?" పిల్లలందరూ తలలూపారు. నేను పిట్టకథ అనుకుని చెప్పింది వాళ్ళు పెద్దల మాటగా తీసుకున్నారని నాకు అప్పుడైనా వెలగాల్సింది. వెలగలేదు సరికదా, నా వాక్చాతుర్యానికి నేనే మురిసిపోయాను. సాయంత్రానికల్లా సూపర్‌వైజర్ నా బల్ల దగ్గరికి వచ్చి, "మనమూ చేద్దాం సర్, డేట్ చెప్పండి" అంది.

ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గర పర్మిషన్ కావాలి. గవర్నమెంటు బడి కదా, ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "ఇది మతానికి సంబంధించిందా?" అని అడిగారు. "కాదు మేడమ్, ప్రివెంటివ్ మెయింటెనెన్స్" అన్నాను. ఆలోచిస్తే అదీ అబద్ధం కాదు. ఆవిడ క్యాలెండర్లో 'పనిముట్ల సంరక్షణ దినం' అని రాసుకుని, "దేవుడి పటాలు మాత్రం వద్దు" అన్నారు. అలా దేవుడు లేని ఆయుధ పూజకి అనుమతి దొరికింది. డేట్ కోసం శాస్త్రికి ఫోన్ చేస్తే, "పండుగ ఇక్కడ ఎప్పుడో చెప్తా గానీ, మీకు ఎప్పుడో నాకెట్ల ఎరుక? మీకు పొద్దు పొడిస్తె మాకు ఇంకా నిన్ననే ఉంటది" అని విసుక్కున్నాడు. ఇద్దరం కలిసి శుక్రవారం అని తేల్చాం. ఇన్‌స్పెక్షన్ దానికి మూడు రోజుల ముందు, మంగళవారం. భేష్ అనుకున్నాను.

తర్వాత పదిరోజులూ మా షెడ్డుని చూడాలి! నేను తిడితే కదలనివాళ్ళు ఒక్కో స్పానర్‌నీ పసిబిడ్డకి తలంటినట్టు తోమారు. పడవల్లో షికార్లు చేస్తున్న పనిముట్లన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. మాది కాని స్పానర్లు కూడా నాలుగు వచ్చాయి, అవెవరివో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పూజ సామాను గురించి నేను బెంగపడితే పిల్లలు నవ్వారు. కొబ్బరికాయలా? పెరట్లో ఉన్నాయి. తమలపాకులు, వక్కలా? తాతయ్య సంచీలో ఉన్నాయి. అరటిపళ్ళా? ఎన్ని గెలలు కావాలి? పక్క దీవి నుంచి వచ్చిన ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ పసుపు పొట్లం పంపింది. వాళ్ళ దీవిలో వేడుకలకి ఒంటికి పసుపు రాసుకుంటారట. నేను ఆ పొట్లం వాసన చూసి, మడిచి, మళ్ళీ విప్పి ఇంకోసారి చూశాను. కుంకుమ ఒక్కటే దొరకలేదు. దానికి మౌనముని కార్ల షెడ్డుకి వెళ్ళి ఎర్ర ప్రైమర్ డబ్బా పట్టుకొచ్చాడు. ఆ బొట్లు ఇప్పటికీ చెరిగి ఉండవు.

ఇంతలో ఆదివారం తుపాను పట్టింది. పెద్దది కాదుగానీ విమానాలు రద్దయ్యాయి. మంగళవారం ఇన్‌స్పెక్షన్ వాయిదా పడిందన్నారు. వచ్చే నెల అనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. శుక్రవారం పొద్దున్న పూజ దివ్యంగా జరిగింది. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద పనిముట్లు, మధ్యలో సింహాసనం మీద రాజులా పడవ ఇంజను. ఒక్కొక్కరూ వచ్చి బొట్టు పెట్టి, ఇంజను మీద చెయ్యి వేసి, లోగొంతుతో ఏదో చెప్పి వెళ్ళారు. కొందరు శిలువ గుర్తు వేసుకున్నారు, నేను చూడనట్టు పక్కకి తిరిగాను. కొబ్బరికాయ కొట్టడం నా వంతు. నాలుగు దెబ్బలకీ పగల్లేదు. మౌనముని మర్యాదగా నా చేతిలోంచి తీసుకుని, కత్తి వెనక్కి తిప్పి ఒక్కటిచ్చాడు. రెండు చెక్కలూ సమానంగా పడ్డాయి. "థాంక్యూ" అన్నాను. "సర్" అన్నాడు.

కొబ్బరి ముక్కలు పంచుతుండగా గుమ్మంలో ప్రిన్సిపాల్ మేడమ్, పక్కన పొడుగ్గా, చేతిలో అట్ట, అట్ట మీద కాయితంతో ఒకావిడ. "నిన్న దిగారు, రేపు మధ్యాహ్నం ఫ్లైట్‌కి వెళ్ళిపోతారు. మీ క్లాసు ఇప్పుడే చూస్తారట" అన్నారు మేడమ్. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ వచ్చినావిడ పేరు నాకు గుర్తులేదు గానీ, ఆ కాయితం నిండా గళ్ళు, ఒక్కో గడిలో టిక్కు పెట్టడమే ఆవిడ పని కాబట్టి 'టిక్కుల మేడమ్' అనుకుందాం. ముందు పనిముట్ల బల్ల చూసి ఆగిపోయారు. "ఈ ఎరుపు, పసుపు గుర్తులు ఏమిటి?" అని అడిగారు. "ఎరుపంటే తనిఖీ అయింది. పసుపంటే శుభ్రమయింది" అన్నాను, అప్పటికప్పుడు కల్పించి. "అద్భుతమైన కలర్ కోడింగ్" అని ఒకటి కాదు, మూడు టిక్కులు పెట్టారు. నా ప్రాణం కాస్త కిందికి దిగింది. "ఇప్పుడు పిల్లలు ఆ ఇంజను విప్పి బిగించడం చూపించండి" అన్నారు. దిగిన ప్రాణం మళ్ళీ పైకి పోయింది.

"ఊఁ, రండమ్మా, మొదలుపెట్టండి" అన్నాను, మామూలుగా ఉన్నట్టు నటిస్తూ. ఇరవై ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఎవ్వరూ కదల్లేదు. సూపర్‌వైజర్ ఎంతో ఓపికగా, మరిచిపోయిన పాఠం గుర్తుచేస్తున్నట్టు, "ఇవాళ వాటికి సెలవు సర్" అంది. నేను దగ్గరికి వెళ్ళి గుసగుసగా, "తెలుసమ్మా, కానీ ఇది నా ఉద్యోగం. ఆవిడ కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంటే కాంట్రాక్టు రాదు, వీసా పోతుంది, నేను సామాను సర్దుకోవాలి. ఒక్క పావుగంట" అన్నాను. ఆమె ముఖం నిజంగానే పాలిపోయింది. మిగతావాళ్ళ వైపు చూసింది. వాళ్ళు నేల వైపు చూశారు. "మరి మీ బాబాయి వేలు సర్?" అని అడిగింది.

ఇదంతా ఏమిటో అర్థంకాని టిక్కుల మేడమ్ ముందుకు వచ్చి, పన్నెండో నంబరు స్పానర్ తీసుకుందామని చెయ్యి చాపారు. "నో!" అని ఇరవై రెండు గొంతులు ఒక్కసారి అరిచాయి. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుని, ఎవరికి చెప్పాలో తెలియక స్పానర్‌కే సారీ చెప్పారు. ప్రిన్సిపాల్ మేడమ్ నా వైపు చూసిన చూపులో 'ప్రివెంటివ్ మెయింటెనెన్స్' అనే మాట స్పష్టంగా కనబడింది. నేను కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను. ఇంక దారి లేదు. అందరి ముందూ చెప్పేశాను. "అబద్ధం. పనిముట్లు అలగవు. మా బాబాయి వేలు తెగింది పూజ రోజు కాదు. మీరు వింటారని కల్పించి చెప్పాను. తప్పు నాది. దయచేసి ఇంజను విప్పండి."

తోసుకుని ముందుకొస్తారనుకున్నాను, చేతులు వెనక్కి ఇంకా గట్టిగా బిగించుకున్నారు. నాకు కోపం, సిగ్గు, ఏడుపు మూడూ ఒకేసారి వచ్చాయి. టిక్కుల మేడమ్ కలం గడి మీద ఆగి ఉంది. అప్పుడు సూపర్‌వైజర్ నన్ను దాటుకుని ఆవిడ ముందుకి వెళ్ళి, "మేడమ్, మీ ఫ్లైట్ రేపు మధ్యాహ్నం కదా. మేం పొద్దున్న ఆరింటికి ఇక్కడుంటాం. రేపు ఎంతసేపు కావాలంటే అంతసేపు చేసి చూపిస్తాం. ఇవాళ మాత్రం చేయం" అంది. రేపు శనివారం, బడి లేదు. ఆవిడ కాసేపు చూసి, ఆ గడి ఖాళీగా వదిలి, "ఆరింటికి" అని వెళ్ళిపోయారు.

ఆ రాత్రి శాస్త్రికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. వాడు అడ్డు రాకుండా అంతా విన్నాడు. చివరికి, "అరేయ్, ప్రపంచంల వీసా పోనీకి వెయ్యి కారణాలు విన్న. స్పానర్ అలిగిందని పోయినోణ్ని ఎవణ్నీ వినలే" అన్నాడు. తర్వాత మెల్లగా, "వస్తరంటవా పిల్లలు?" అని అడిగాడు. శనివారం పొద్దున్న ఆరింటికి, పైగా అబద్ధాలకోరు మాస్టారి కోసం. రారనే అనుకున్నాను. సూట్‌కేసులో నాలుగు చొక్కాలు మడిచి పెట్టుకున్నాను కూడా.

అయిదున్నరకి వెళ్ళేసరికి బడి ముందు పార్కింగ్ నిండిపోయి ఉంది. ఇరవై ఇద్దరూ వచ్చారు. ఇరవై ఇద్దరే వస్తే అది ఆ దీవి ఎందుకవుతుంది? అమ్మలు, నాన్నలు, తాతలు, వెల్డింగు షెడ్డులో చదివే అన్నలు, చంటిపిల్లలు, రెండు కుక్కలు. వంట కోర్సు పిల్లలు అప్పుడే బొగ్గులు రాజేస్తున్నారు. పెద్దపెద్ద అల్యూమినియం ట్రేలలో ఎర్రన్నం. సంగతేమిటని అడిగితే ఒక ఆంటీ, "మా మాస్టారి ఉద్యోగం కదా" అని, ఇంకా అడగడానికేముంది అన్నట్టు చూసింది. ఆరింటికి టిక్కుల మేడమ్ రాగానే పిల్లలు ముందుగా వరసగా వెళ్ళి, వంగి, ఆవిడ చెయ్యి తీసుకుని ముక్కుకి ఆనించుకున్నారు. ఆవిడకి అట్ట ఏ చేతిలో పట్టుకోవాలో తెలియలేదు.

ఇంజను విప్పారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు, నా జీవితంలో అది రికార్డు. ఎవరి పని వాళ్ళకి తెలుసు. అడక్కముందే చేతికి స్పానర్ అందుతోంది, పని కాగానే తుడిచి బల్ల మీద దాని చోట్లోకి పోతోంది. మౌనముని ఒక్కో భాగం పట్టుకుని అదేమిటో, ఎందుకు పాడవుతుందో, పాడయితే సముద్రం మీద ఉన్న మనిషికి ఏమవుతుందో టిక్కుల మేడమ్‌కి వివరిస్తున్నాడు. మొత్తం ఏడాదికి దాచుకున్న మాటలన్నీ ఆ గంటలో ఖర్చు పెట్టేశాడు. బిగించి, నీళ్ళ డ్రమ్ములో దించి, తాడు లాగితే రెండో గుంజుకే ఇంజను అందుకుంది. పార్కింగ్ లాట్ అంతా చప్పట్లు. ఆవిడ గడి గడికీ టిక్కు పెట్టుకుంటూ పోయి, ఫ్లైట్‌కి వెళ్ళేటప్పుడు అట్ట ఒక చేత్తో, వద్దంటున్నా వినకుండా రేకు కాగితంలో చుట్టిచ్చిన మూడు పొట్లాలు ఇంకో చేత్తో పట్టుకుని కారెక్కారు. సోమవారం ప్రిన్సిపాల్ మేడమ్ నా కాంట్రాక్టు బోర్డుకి పంపారు. రెన్యూ అయింది. శాస్త్రి ఆష్‌బర్న్‌లో స్వీట్లు పంచాడట, నేను తినలేదు కాబట్టి నిజమో కాదో తెలియదు.

అసలు సంగతి ఆ శనివారమే, అందరూ తింటున్నప్పుడు జరిగింది. సూపర్‌వైజర్ నాకోసం మాంసం తగలకుండా విడిగా తీసిన అన్నం ప్లేటు తెచ్చిచ్చింది. నిన్నటి నుంచి నన్ను తొలుస్తున్నది అడిగేశాను. "నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాను కదమ్మా. ఆ తర్వాతయినా ఎందుకు ముట్టుకోలేదు? నా ఉద్యోగం పోతుందని నీకు తెలుసు కదా!"

ఆమె నా వైపు వింతగా చూసింది. "మీ బాబాయి వేలు మీ అబద్ధం సర్. ఇవాళ నిన్ను ముట్టుకోం, రెస్ట్ తీసుకో అని ఇంజనుకి చెప్పింది మేం. మేం చెప్పింది నిజమే కదా" అంది. తర్వాత, "మీ ఉద్యోగం పోతుందని రాత్రంతా ఏడ్చాను సర్. ముందు తినండి, చల్లారిపోతుంది" అని, ఇంకొకరికి వడ్డించడానికి వెళ్ళిపోయింది.

నేను ఆ దీవిలో ఇంకో రెండేళ్ళున్నాను. తర్వాత మెయిన్‌ల్యాండ్‌లో పెద్ద ఉద్యోగం వస్తే ఎవరూ పొమ్మనకుండానే వచ్చేశాను. ఇప్పుడు నా కింద తొమ్మిదిమంది టెక్నీషియన్లు. ఏడాదికి రెండుసార్లు ఆడిట్. ముందురోజు లాగ్‌బుక్‌లో, చేయకుండా వదిలేసిన తనిఖీ తాలూకు గడి ఏదో ఒకటి ఖాళీగా కనబడుతుంది. అప్పుడు నేను తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "గయ్స్, దీన్ని కాస్త ఎలాగోలా సర్దేయండి" అంటాను. "ష్యూర్" అంటారు వాళ్ళు. చిటికెలో సర్దేస్తారు. చాలా తెలివైనవాళ్ళు, ఒక్కరు కూడా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడరు. ఆడిట్ పాసయిపోయి అందరూ చేతులు కలుపుతుంటే నాకు లోపల్లోపల నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎవరి మీదో నాకు తెలుసు కాబట్టి, ఎవరైనా ఏమిటని అడిగితే ఏమీ లేదంటాను.